గుర్తుకు రానిదంతా చెరిగిపోయినట్టేనా?

జ్ఞాపకం మెదడులో ఏ రూపంలో నిలిచి ఉంటుందని అడిగితే నేటి పాఠ్యపుస్తకాలు తడుముకోకుండా జవాబు చెబుతాయి. నాడీకణాల మధ్య ఉండే సంధులు, అంటే సైనాప్సులు, అనుభవం వల్ల బలపడతాయనీ, ఆ బలంలోనే జ్ఞాపకం దాగి ఉంటుందనీ ఆ జవాబు సారాంశం. దాని వెనక నూరేళ్లకు పైబడిన శ్రమ ఉంది, ఆ శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ చరిత్రను చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమవుతూ వచ్చింది. ప్రయోగశాలల్లో కొలుస్తూ వచ్చినది జ్ఞాపకం నిల్వను కాదు, స్మరణను. ఎలుక భయపడిందా లేదా, నత్త ముడుచుకుందా లేదా, రోగి పేరు చెప్పగలిగాడా లేదా అన్నది చూసి, దాన్నిబట్టి లోపల జ్ఞాపకం ఉందనో లేదనో తీర్పు చెబుతూ వచ్చారు. చేద తాడు తెగినంత మాత్రాన బావిలో నీళ్లు లేవని అనలేం. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఈ రంగం పలుమార్లు దారి తప్పిందనీ, పట్టించుకున్నప్పుడల్లా ఒక అడుగు ముందుకు పడిందనీ నా వాదన.

ఈ తేడా కొత్తగా కనిపెట్టింది కాదు. ప్లేటో రాసిన ‘థియైటెటస్’ సంవాదంలో సోక్రటీసు మన మనసుల్లో ఒక మైనపు దిమ్మ ఉందనుకుందామంటాడు. అది కళాదేవతల తల్లి నెమోసినీ ఇచ్చిన వరం. చూసినవీ విన్నవీ తలచినవీ ముద్రికతో వేసిన గుర్తుల్లా దానిమీద పడతాయి. గుర్తు నిలిచినంతకాలం జ్ఞాపకం, చెరిగితే మరుపు. ఈ ఉపమానం లోకప్రసిద్ధమైంది. అదే సంవాదంలో కొంత దూరం పోయాక సోక్రటీసు మైనాన్ని పక్కన పెట్టి పక్షుల పంజరాన్ని ముందుకు తెస్తాడని మాత్రం చాలామంది గుర్తుంచుకోలేదు. పంజరంలో పక్షులను పెంచుకునేవాడికి అవన్నీ సొంతమే, కాని వాటిలో ఒకదాన్ని వెతికి పట్టుకుంటే తప్ప అది అతని చేతిలో ఉన్నట్టు కాదు. ఒకదాని కోసం చెయ్యి చాపితే మరొకటి చిక్కవచ్చు కూడా. సొంతమై ఉండడం వేరు, చేతిలో ఉండడం వేరు అన్న ఈ విభజన మైనపు ముద్ర కంటే లోతైనదని నా అభిప్రాయం. అరిస్టాటిల్ మళ్లీ ముద్రవైపే మొగ్గాడు. మరీ చిన్నపిల్లలకూ ముసలివాళ్లకూ జ్ఞాపకం సరిగా నిలవకపోవడానికి కారణం ముద్ర పడవలసిన పదార్థం స్థిరంగా లేకపోవడమేనని వివరించాడు. తరువాతి రెండు వేల ఏళ్లలో మైనమే రాజ్యమేలింది.

మన దేశంలో నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, ఇదే సమస్యను మరో దిక్కునుంచి పట్టుకున్నారు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో స్మృతిని నిర్వచిస్తూ ‘సంస్కారమాత్రజన్యం జ్ఞానం స్మృతిః’ అన్నాడు. అనుభవం ఒక సంస్కారాన్ని మిగిల్చి పోతుంది, ఆ సంస్కారం మాత్రమే కారణంగా పుట్టే జ్ఞానం స్మృతి. సంస్కారాల్లో ఈ రకానికి భావన అని పేరు పెట్టి, అది ఆత్మలో మాత్రమే ఉంటుందని ఆయన స్పష్టంగా చెప్పాడు. కనుక దీన్ని నేటి నాడీశాస్త్రానికి తాతగా చూపించడం తప్పు. శరీరంలో దాని చోటు ఎక్కడన్న ప్రశ్నకు ఆ దర్శనంలో తావే లేదు. నాకు విలువైనదిగా తోచేది మరొకటి. సంస్కారం ఉన్నంత మాత్రాన స్మృతి కలగదనీ, దాన్ని మేల్కొలిపే ఉద్బోధకం కావాలనీ నైయాయికులు పట్టుబట్టారు. న్యాయసూత్రాల మూడవ అధ్యాయంలో ఆ మేల్కొలిపే కారణాల పొడవాటి పట్టిక ఉంది: మనసు లగ్నం చేయడం, అభ్యాసం, పోలిక, ఎడబాటు, సుఖం, దుఃఖం, భయం, కోరిక ఇంకా మరెన్నో. నిద్రిస్తున్న సంస్కారం, దాన్ని లేపే నిమిత్తం అన్న ఈ రెండంచెల లెక్క ఆధునిక ప్రయోగశాలకు చేరడానికి చాలా కాలం పట్టింది.

యూరప్‌లో మధ్యయుగమంతా ప్రశ్న స్థలం చుట్టూనే తిరిగింది. 4వ శతాబ్దంలో ఎమెసా బిషప్ నెమీసియస్ మెదడులోని ద్రవపు గదుల్లో ముందుదానికి ఊహనూ, నడిమిదానికి ఆలోచననూ, వెనకదానికి జ్ఞాపకాన్నీ కేటాయించాడు. ఆ పంపకం వెయ్యేళ్లకు పైగా నిలిచింది. 1543లో శరీరశాస్త్రవేత్త వెసేలియస్ తన శరీరనిర్మాణ గ్రంథంలో ఈ గదులు జంతువులకూ ఇలాగే ఉన్నాయి కదా అని ప్రశ్నించాడు. తరువాత ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్, నాడుల్లో ప్రవహించే సూక్ష్మద్రవం మెదడులోని రంధ్రాలగుండా పోతూ వాటిని తెరుస్తుందనీ, ఒకసారి తెరుచుకున్న దారి మళ్లీ సులభంగా తెరుచుకుంటుందనీ ఊహించాడు. 1682లో ఆంగ్ల శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ లండన్‌లోని రాయల్ సొసైటీ ముందు ప్రసంగిస్తూ, ఒక జీవితకాలంలో మెదడులో ఎన్ని భావాలు చేరగలవో లెక్క కట్టడానికి పూనుకున్నాడు. జ్ఞాపకానికి పరిమాణం ఉంటుందని, అది చోటు ఆక్రమిస్తుందని అంత నేరుగా తీసుకున్న ఆ ధైర్యం మెచ్చుకోదగ్గది.

ఈ కథలో నేను అందరికన్నా ఎక్కువగా గౌరవించే వ్యక్తి రిచర్డ్ సీమన్. జర్మన్ జంతుశాస్త్రవేత్త, యేనాలో జీవశాస్త్రవేత్త హెకెల్ దగ్గర చదువుకున్నాడు, తరువాతి జీవితం మ్యూనిక్‌లో ఏ విశ్వవిద్యాలయ పదవీ లేని పండితుడిగా గడిపాడు. 1904లో ప్రచురించిన ‘మ్నీమె’ అన్న గ్రంథంలో, అనుభవం జీవపదార్థంలో మిగిల్చే మార్పుకు ‘ఎన్‌గ్రామ్’ అని పేరు పెట్టాడు. ఆ మాట నేటికీ ప్రతి పరిశోధనా పత్రంలో వినిపిస్తుంది. ఆయన దానికి జంటగా ‘ఎక్ఫొరీ’ అన్న మరో మాటను కూడా సృష్టించాడు. నిద్రాణంగా ఉన్న ఎన్‌గ్రామ్‌ను ఒక ప్రేరణ మేల్కొలపడమే ఎక్ఫొరీ. మొదటి అనుభవంలోని ఒక చిన్న భాగం తిరిగి ఎదురైతే చాలు, మొత్తం ఎన్‌గ్రామ్ లేస్తుందని ఆయన అన్నాడు. మేల్కొన్న ప్రతిసారీ కొత్త ఎన్‌గ్రామ్ కూడా ఏర్పడుతుందని కూడా అన్నాడు. ఇంత స్పష్టమైన ఆలోచనను సమకాలికులు పట్టించుకోలేదు. పదవి లేకపోవడం ఒక కారణమైతే, జీవితకాలంలో సంపాదించిన లక్షణాలు సంతానానికి సంక్రమిస్తాయన్న అప్పటికే బలహీనపడుతున్న వాదాన్ని ఆయన తన సిద్ధాంతంతో ముడివేయడం మరో కారణం. 1918లో ఆత్మహత్య చేసుకున్నాడు. తరువాతి తరం ఆయన రెండు మాటల్లో ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసింది. నిల్వకు పేరు మిగిలింది, మేల్కొలుపు మరుగున పడింది. నా దృష్టిలో 20వ శతాబ్దపు అయోమయానికి ఇదే మూలం.

ఆ కాలానికే సైనాప్సు సిద్ధాంతానికి పునాది కూడా పడింది. స్పెయిన్ దేశపు రమోన్ ఈ కహాల్, ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టిన, కణాలకు రంగు పట్టించే పద్ధతితోనే, నాడులన్నీ తెగని ఒకే వల అని గోల్జీ నమ్మిన సిద్ధాంతాన్ని కూల్చి, మెదడు విడివిడి కణాలతో కూడినదని చూపించాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. కణాలు విడివిడిగా ఉంటే వాటి మధ్య కలయికలు మారగలవు. మానసిక అభ్యాసం వల్ల ఆ కలయికలు పెరుగుతాయని కహాల్ 1894లోనే లండన్‌లో ప్రసంగించాడు.

అమెరికాలో మనస్తత్వవేత్త కార్ల్ లాష్లీ ఎన్‌గ్రామ్‌ను కత్తితో వెతికాడు. ఎలుకలకు చిక్కుదారి నేర్పి, మెదడు పైపొరలో ఒక్కో భాగాన్ని ఒక్కో ఎలుకలో తొలగించి, ఏ భాగం పోతే దారి మరిచిపోతుందో చూశాడు. ఏ ఒక్క భాగమూ ప్రత్యేకంగా బయటపడలేదు. ఎంత భాగం తీసేశాడన్నదే తప్ప ఎక్కడ తీసేశాడన్నది అంతగా లెక్కకు రాలేదు. సుమారు 30 ఏళ్ల శ్రమ తరువాత 1950లో రాసిన వ్యాసంలో, ఈ ఆధారాలన్నీ చూస్తే నేర్చుకోవడమన్నదే అసాధ్యమని తేల్చవలసి వస్తుందేమోనని కొన్నిసార్లు అనిపిస్తుందని ఆయన రాసుకున్నాడు. ఆ మాటలోని నిస్పృహ అర్థం చేసుకోదగినదే, కాని లోపం ఆయన అడిగిన ప్రశ్నలోనే ఉంది. చిక్కుదారిని ఎలుక కంటితో, వాసనతో, మీసాలతో, కాళ్ల కదలికతో గుర్తుంచుకుంటుంది. ఒక ద్వారం మూస్తే మరో ద్వారంగుండా దారి గుర్తొస్తుంది. ఆయన పరీక్షించింది మేల్కొలుపు మార్గాలను, తీర్పు చెప్పింది నిల్వ గురించి. ఆయన శిష్యుడైన డొనాల్డ్ హెబ్ 1949లో ఈ చిక్కును మరో విధంగా విప్పాడు. ఒక కణం మరో కణాన్ని ఉద్దీపించడంలో పదేపదే పాలుపంచుకుంటే వాటి మధ్య సంధి బలపడుతుందనీ, అలా కలిసిన కణాల కూటమి మెదడులో విస్తరించి ఉంటుందనీ ప్రతిపాదించాడు. విస్తరించి ఉన్నదాన్ని ఒక కత్తిగాటుతో తొలగించలేం.

ఇంచుమించు అదే సమయంలో మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ స్పృహలో ఉన్న మూర్ఛ రోగుల మెదడును శస్త్రచికిత్స సమయంలో విద్యుత్తుతో తాకుతున్నాడు. కొందరు రోగులు పాత దృశ్యాలను, పాటలను మళ్లీ అనుభవిస్తున్నట్టు చెప్పారు. దానితో ఆయన, అనుభవమంతా మెదడులో శాశ్వతంగా ముద్రితమై ఉంటుందని నమ్మాడు. సామాన్య పాఠకుల్లో ఆ నమ్మకం ఇప్పటికీ బతికే ఉంది. అయితే ఆయనే 1963లో ప్రచురించిన లెక్క ప్రకారం టెంపొరల్ లోబ్‌ను, అంటే కణత వైపు మెదడు భాగాన్ని, పరీక్షించిన 520 మంది రోగుల్లో అలాంటి అనుభవం చెప్పినవారు 40 మంది మాత్రమే. వారు చెప్పినవాటిలో ఎన్ని నిజంగా జరిగిన సంఘటనలో, ఎన్ని అప్పటికప్పుడు అల్లుకున్నవో తేల్చే ఆధారం లేదు. లాష్లీ స్మరణ జరగకపోవడాన్ని పట్టుకుని, పెన్‌ఫీల్డ్ స్మరణ జరిగినట్టు అనిపించడాన్ని పట్టుకుని, ఇద్దరూ నిల్వ గురించి తీర్మానించారు.

1953లో హార్ట్‌ఫర్డ్‌లో హెన్రీ మొలెయిసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడం కోసం మెదడుకు రెండు వైపులా లోపల ఉండే హిప్పోకాంపస్ అనే నిర్మాణంలో ఎక్కువ భాగాన్ని తొలగించారు. ఆ తరువాత 2008లో మరణించేదాకా ఆయనకు కొత్త సంఘటన ఏదీ గుర్తు నిలవలేదు. బాల్యంనాటి సంగతులు చాలావరకు మిగిలాయి. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ నేర్పితే, రోజురోజుకూ ఆయన గీత మెరుగుపడింది, కాని ఆ పని అంతకుముందు ఎప్పుడూ చేయలేదనే అనేవాడు. జ్ఞాపకం ఒకే రకం కాదని దీనితో తేలిపోయింది. ఒక మార్గంలో అడిగితే లేదని జవాబు వచ్చేది, మరో మార్గంలో చేయి తానే సాక్ష్యం చెబుతుంది.

1960ల నాటి జ్ఞాపక బదిలీ ప్రయోగాలను నేడు చాలామంది సిగ్గుపడవలసిన అధ్యాయంగా చూస్తారు. నేను అలా చూడను. మిషిగన్‌లో జేమ్స్ మెకానెల్ నీటిలో బతికే చదును పురుగులకు వెలుతురు తరువాత విద్యుత్ ఘాతం వస్తుందని నేర్పాడు. అలా నేర్చిన పురుగులను ముక్కలు చేసి నేర్వనివాటికి తినిపిస్తే, తిన్నవి త్వరగా నేర్చుకున్నాయని 1962లో ప్రకటించాడు. డీఎన్‌ఏ నిర్మాణం తెలిసి దశాబ్దమైనా కాని రోజులవి. జాతి జ్ఞాపకం ఒక అణువులో ఉన్నప్పుడు వ్యక్తి జ్ఞాపకం దానికి దగ్గరి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏ అనే అణువులో ఎందుకు ఉండకూడదని అడగడం అప్పట్లో పూర్తిగా సబబైన ప్రశ్నే. ఎలుకల్లో అదే ఫలితం చూపిన ప్రయోగాలను 1966లో 20 మందికి పైగా శాస్త్రవేత్తలు తమ తమ ప్రయోగశాలల్లో చేసి చూసి, తమకు ఆ ఫలితం రాలేదని కలిసి ప్రకటించారు. 1972లో జార్జ్ ఉంగర్, చీకటి అంటే భయం నేర్చిన ఎలుకల మెదళ్లనుంచి ‘స్కోటోఫోబిన్’ అనే పెప్టైడ్‌ను (చిన్న ప్రోటీన్ ముక్కను) వేరుచేశానన్నాడు. అదీ నిలవలేదు. బదిలీ అయింది నిర్దిష్టమైన జ్ఞాపకమా, లేక కేవలం ఉలికిపాటు పెంచే రసాయనమా అన్నది ఈ ప్రయోగాలు విడదీయలేకపోయాయి. అయినా ప్రశ్న చావలేదు. 2013లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో షోమ్రత్, లెవిన్ తల తెగి మళ్లీ మొలిచిన చదును పురుగుల్లో పాత శిక్షణ జాడలు ఉన్నాయని చూపారు. 2018లో డేవిడ్ గ్లాన్జ్‌మన్ బృందం, ఘాతాలకు గురైన సముద్రపు నత్తల ఆర్‌ఎన్‌ఏను ఇతర నత్తల్లోకి ఎక్కిస్తే అవి కూడా ముట్టుకున్నప్పుడు ఎక్కువసేపు ముడుచుకున్నాయని ప్రచురించింది. ఇవి చాలా సరళమైన ప్రతిస్పందనలు. వీటితో సైనాప్సు సిద్ధాంతం కూలదు, కాని కణంలోపల ఏమీ నిలవదని చెప్పే హక్కు కూడా ఎవరికీ మిగలదు.

ప్రధాన మార్గం మాత్రం సైనాప్సువైపే సాగింది, అందుకు తగిన కారణాలు ఉన్నాయి. ఓస్లోలో బ్లిస్, లోమో 1973లో కుందేలు హిప్పోకాంపస్‌లో, దగ్గర దగ్గరగా ఇచ్చిన విద్యుత్ ప్రేరణల తరువాత సంధులు గంటల తరబడి బలంగా ఉండిపోతాయని చూపారు. ఎరిక్ కాండెల్ సుమారు 20,000 నాడీకణాలు మాత్రమే ఉన్న అప్లీసియా అనే సముద్రపు నత్తను ఎంచుకుని, స్వల్పకాలిక జ్ఞాపకానికి ఉన్న సంధుల్లో రసాయన మార్పు చాలుననీ, దీర్ఘకాలిక జ్ఞాపకానికి కొత్త ప్రోటీన్లు, కొత్త సంధులు కావాలనీ దశాబ్దాల పనితో నిరూపించాడు. 2000లో ఆయన నోబెల్ పంచుకున్నాడు. ఇంత అందమైన పని జీవశాస్త్రంలో అరుదు. అయితే 1984లో, డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ ఒక చిన్న వ్యాసంలో లేవనెత్తిన సందేహం ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది. మెదడులోని అణువులు చాలావరకు రోజుల్లో, వారాల్లో, మహా అయితే నెలల్లో శిథిలమై కొత్తవి వస్తుంటాయి. మరి 60 ఏళ్లనాటి జ్ఞాపకం దేనిమీద నిలిచి ఉంది? తమను తాము నిలబెట్టుకునే ఎంజైముల కోసం అప్పటినుంచీ వెతుకులాట సాగుతోంది. పీకేఎం-జీటా అన్న ప్రోటీన్‌ను 2006 ప్రాంతంలో జ్ఞాపకాన్ని కాపాడే అణువుగా ముందుకు తెచ్చారు. 2013లో అది బొత్తిగా లేని చిట్టెలుకలకు కూడా జ్ఞాపకం మామూలుగానే ఉందని తేలింది. ఆ వాదం ఇంకా ముగియలేదు.

2000లో కరీమ్ నాదర్, షేఫ్, లెడూ చేసిన ప్రయోగం సీమన్ మాటను మళ్లీ తెరమీదకు తెచ్చింది. ఒక శబ్దానికి భయపడడం నేర్చిన ఎలుకకు ఆ శబ్దాన్ని మళ్లీ వినిపించి, వెంటనే భయంతో ముడిపడిన అమిగ్డలా అనే మెదడు భాగంలో ప్రోటీన్ తయారీని ఆపితే, తరువాత ఆ ఎలుక భయం చూపలేదు. గుర్తు చేయకుండా అదే మందు ఇస్తే భయం చెక్కుచెదరలేదు. గుర్తుకు తెచ్చుకున్న జ్ఞాపకం మళ్లీ పచ్చిగా మారి, మళ్లీ గట్టిపడవలసి ఉంటుందన్నమాట. జ్ఞాపకం చెరిగిపోయిందని చాలామంది రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగుతాను. చెరిగిందా, దాన్ని చేరే దారి మూసుకుపోయిందా?

ఈ ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన జవాబుల్లో అత్యంత ముఖ్యమైనది, నా దృష్టిలో, 2015లో ఎంఐటీలో సుసుము టొనెగావా ప్రయోగశాలనుంచి టోమస్ రయన్ బృందం ప్రచురించినది. ఒక పెట్టెలో ఘాతం తిన్న చిట్టెలుకల్లో ఆ సమయాన పనిచేసిన నాడీకణాలను వెలుతురుతో మేల్కొలపగలిగేలా ముందే గుర్తు పెట్టి, వెంటనే ప్రోటీన్ తయారీని ఆపారు. పాఠ్యపుస్తకం ప్రకారం ఆ జ్ఞాపకం ఏర్పడకూడదు. మర్నాడు అదే పెట్టెలో అవి భయపడలేదు కూడా. ఆ కణాల సంధులు బలపడలేదని కొలిచి చూశారు. అయినా ఆ కణాల మీద వెలుతురు పడగానే చిట్టెలుకలు భయంతో బిగుసుకుపోయాయి. బలం లేకపోయినా జ్ఞాపకం ఉంది. గుర్తు పెట్టిన కణాలు ఒకదానితో ఒకటి ఎలా కలిసి ఉన్నాయన్న క్రమం మాత్రం మిగిలి ఉంది కనుక, విషయం ఆ అమరికలో ఉండవచ్చనీ, సంధి బలం దాన్ని సహజంగా చేరుకోవడానికి కావలసిన మార్గమనీ వారు ప్రతిపాదించారు. ఇది కూడా కలయికల సిద్ధాంతమే, కాని ‘బలమే జ్ఞాపకం’ అన్న వాక్యం మాత్రం ఈ ఫలితం ముందు నిలవదు.

ఇది పండితుల కాలక్షేపపు తగాదా కాదు. మా పెద్దమ్మకు మతిమరుపు జబ్బు ముదిరాక కొడుకు పేరు అడిగితే చెప్పలేకపోయేది. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన రాగానే, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెల్ని పేరు పెట్టి పిలిచి, ‘చారు దించు, పొంగుతోంది’ అంది. అప్పటికి బంధువులందరూ ఆమెకు అంతా పోయిందని తీర్మానించుకుని, ఆమె ముందే ఆమె గురించి లేని మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. 2016లో అదే టొనెగావా ప్రయోగశాలనుంచి ధీరజ్ రాయ్ బృందం అల్జీమర్స్ లక్షణాలు పెంచిన చిట్టెలుకల్లో, తొలిదశలో మరిచిపోయినట్టు కనిపించిన భయాన్ని వెలుతురుతో మళ్లీ లేపగలిగింది. ఆ కణాలకు వచ్చే సంధులను బలపరిస్తే సహజంగా కూడా గుర్తొచ్చింది. చిట్టెలుకనుంచి మనిషికి చాలా దూరం ఉంది, జబ్బు ముదిరితే కణాలే చనిపోతాయి, అప్పుడు లేపడానికి ఏమీ మిగలదు. అయినా తొలిదశలో ఉన్న మనిషి విషయంలో ‘పోయింది’ అనడానికీ ‘అందడం లేదు’ అనడానికీ తేడా ఉంది. చికిత్స ఎక్కడ వెతకాలన్నది ఆ తేడామీద ఆధారపడుతుంది, ఆ మనిషి ఎదుట మనం ఎలా మాట్లాడతామన్నది కూడా.

స్మరణతో పని లేకుండా నిల్వను నేరుగా చదవగలిగినప్పుడే ఈ వివాదం తేలుతుంది. 2024లో ఒక ఎదిగిన పండుఈగ మెదడులోని సుమారు 1,39,000 నాడీకణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా ఉన్న సంధులు మొత్తం పటంగా ప్రచురితమయ్యాయి. జ్ఞాపకం సంధుల్లోనే ఉంటే, ఆ ఈగ బతికి ఉన్నప్పుడు ఏ వాసనను ఇష్టపడడం నేర్చిందో, దేన్ని తప్పించుకోవడం నేర్చిందో ఆ పటం చూసి చెప్పగలగాలి. ఇంకా ఎవరూ చెప్పలేదు. అది సాధ్యమయ్యేదాకా మన డిగ్రీ పాఠ్యపుస్తకాల్లో ‘జ్ఞాపకం సైనాప్సుల్లో నిల్వ ఉంటుంది’ అన్న వాక్యం స్థానంలో ‘జ్ఞాపకం ఏర్పడి తిరిగి అందడానికి సైనాప్సుల మార్పు అవసరం, విషయం ఏ రూపంలో నిలుస్తుందన్నది పరిశోధనలో ఉంది’ అని రాయాలని కోరుతున్నాను. ఆ రెండో సగం చదివిన విద్యార్థుల్లో కొందరైనా దాన్ని తేల్చడానికి పూనుకుంటారు.